పారిసు క్రీడలలో పోలండు వనితలు

2024వ సంవత్సరము జూలై 26వ తేదీ మొదలుకొని ఆగస్టు 11వ తేదీ వరకు పారిసు నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు మన పాఠశాల పఠనమందిరమున ఎంతటి సందడిగా నుండెనో చదువరు లెరుగుదురు. 10వ తరగతి బాలుడొకడు ప్రతి ఉదయమును వార్తాపత్రిక చూచి పతకముల పట్టికను నల్లబల్లపై వ్రాయుచుండెను. క్రీడలు ముగిసిన మరునాడు ఆ పట్టికయొద్ద నిలిచి యతడు, "మాస్టరుగారూ, పోలండు అంత పేరుగల దేశము గదా, ఒక్కటే బంగారు పతకమా? ఆ దేశస్థులకు చిన్నతనముగా నుండదా?" అని నన్నడిగెను. ఆ క్రీడలలో మన భారతదేశమునకు ఒక వెండియు, అయిదు కంచును వచ్చినవేగాని బంగారు పతకము రానేలేదన్న సంగతి అతనికి జ్ఞాపకము చేయుటకు నాకు నోరు రాలేదు. నవ్వి యూరకుంటిని. కాని యా ప్రశ్న నన్ను విడువలేదు.

అట్టి ప్రశ్న పోలండులోనే అనేకులు వేసిరి. వారి చింతకు కారణము లేకపోలేదు. 2021వ సంవత్సరమున టోక్యోలో జరిగిన క్రీడలలో ఆ దేశము 14 పతకములు గడించెను. అందు నాలుగు బంగారువి. పరుగు, దుముకు, విసరు పోటీలలోనే తొమ్మిది వచ్చినవి. మూడు సంవత్సరములు తిరిగి పారిసునకు వచ్చునప్పటికి మొత్తము పది. బంగారు పతక మొకటి. పరుగు, దుముకు, విసరు పోటీలన్నిటను గలిపి వచ్చినది ఒక్క కంచు పతకము. 1976లో మాంట్రియలు నగరమున 26 పతకములను, అందు ఏడు బంగారు పతకములను గెలిచిన దేశమునకు ఇది కొరతయే. క్రీడలు ముగిసినంతనే ప్రభుత్వమువారును ఒలింపిక్ సంఘమువారును ఒకరినొకరు నిందించుకొనుట యారంభించిరి. ఓడిన యింట అట్టి జగడములు సహజములే. వానిని గూర్చి నేను వ్రాయబోను.

నా మనవి వేరొకటి. ఆ పది పతకముల పట్టికను సంఖ్యలుగా గాక పేర్లుగా చదువవలసినదని కోరుచున్నాను. గోడ నెగబ్రాకు పోటీలో బంగారు పతకము గెలిచినది అలెక్సాండ్రా మిరొస్లావ్. అదే పోటీలో కంచు పతకము పొందినది అలెక్సాండ్రా కవుట్‌స్కా. ఉరవడిగల నీటిలో తెడ్డుపడవ నడపి వెండి పతకము పొందినది క్లావుదియా జ్వొలిన్‌స్కా. పోలండునకు ఆ క్రీడలలో మొదటి పతకము ఆమెదే. ముష్టియుద్ధమున వెండి పతకము యూలియా షెరెమెతాది. ఆమెకు అప్పటికి ఇరువదియేండ్లు. సైకిలు పందెములలో క్రీడల చివరి దినమున వెండి పతకము తెచ్చినది దారియా పికూలిక్. టెన్నిసులో కంచు పతకము ఇగా స్వియాటెక్‌ది. 400 మీటర్ల పరుగులో కంచు పతకము నతాలియా కచ్‌మారెక్‌ది. కత్తిసాములో చీనా దేశపు జట్టును ఒక్క పోటు తేడాతో గెలిచి కంచు పతకము పొందినది స్త్రీల జట్టు. ఇవి యెనిమిది. తక్కిన రెండును పురుషులవి: వాలీబాలు జట్టుయొక్క వెండి పతకము, నలుగురు నడుపు పడవ పందెపు కంచు పతకము.

పదింటిలో ఎనిమిది! దీనిని చూచి "పోలండు ఓడినది" అని యొకడనిన, ఎవరు ఓడిరి, ఎవరు గెలిచిరి అని మారుప్రశ్న వేయవలసియున్నది.

పురుషులను కించపరచుట నా యుద్దేశము గాదని ముందే చెప్పుచున్నాను. వారి వాలీబాలు జట్టు 2004 మొదలు 2021 వరకు వరుసగా అయిదు ఒలింపిక్ క్రీడలలో చివరి యెనిమిది జట్లలోనికి వచ్చి, అచ్చటనే ఓడి యింటికి మరలెను. ఆరవసారి ఆ గడప దాటిరి. తుదిపోటీలో ఫ్రాన్సుచేత ఓడిపోయినను, అయిదుసార్లు మూసికొన్న తలుపును ఆరవసారి తట్టుటయే యొక ఘనకార్యము. అయినను నేడు నేను వ్రాయదలచినది స్త్రీలను గూర్చి. ఏల యనగా, ఈ సంచికను చదువువారిలో తల్లిదండ్రులున్నారు. వారితో నాకొక పని యున్నది. దానిని వ్యాసము చివర చెప్పెదను.

మొదట ఆ యేకైక బంగారు పతకమును గూర్చి. గోడ నెగబ్రాకు పందెము మనలో పెక్కుమందికి క్రొత్త. పదునైదు మీటర్ల యెత్తుగల గోడ. అది నిట్టనిలువుగా గాక కొంచెము మనవైపు వ్రాలియుండును. ఎక్కువానికి పట్టు దొరకుటకై దానిపై బుడిపెలు బిగింతురు. లోకమున ఎక్కడ ఈ పందెము జరిగినను బుడిపెల యమరిక యొక్కటే. ఇద్దరు ప్రక్కప్రక్కన నిలిచి, సంకేతము కాగానే యెగబ్రాకి పైనున్న మీటను చరచవలెను. మిరొస్లావ్ అనునామె పోలండు తూర్పుభాగమునందలి లుబ్లిను పట్టణమువారు. ఆగస్టు 5వ తేదీని ఆమె 6.06 సెకండ్లలో ఆ గోడ నెక్కి ప్రపంచములో అంతవరకు ఏ స్త్రీయు ఎక్కనంత వేగముగా నెక్కినది. 7వ తేదీని తుదిపోటీలో ఆమెకు 6.10 సెకండ్లు, ఆమెతో పోటీపడిన చీనా వనితకు 6.18 సెకండ్లు పట్టినవి. కనురెప్ప వాల్చి యెత్తునంతలో వారి తేడా తేలిపోయినది. అంతకుముందు ఉపాంత్యపోటీలో ఆమెకు ఎదురుపడినది తన దేశపు కవుట్‌స్కాయే.

ఈ కథలో నాకు మిక్కిలి నచ్చినది ఆరు సెకండ్లు గాదు. దానికి ముందరి మూడు సంవత్సరములు. టోక్యోలో ఈ క్రీడను మొదటిసారి ఒలింపిక్ క్రీడలలో చేర్చినప్పుడు నిర్వాహకులు ఒక వింత యేర్పాటు చేసిరి. వేగముగా నెక్కుట, కఠినమైన పట్టులను సాధించుట, ఎంత యెత్తు వరకు పోగలరో చూచుట, ఈ మూడు వేర్వేరు విద్యలను గలిపి ఒక్కటే పతకము పెట్టిరి. ఇది నూరు మీటర్లు పరుగెత్తువానిని, ఎత్తు దుమికువానిని, మారథాను పరుగెత్తువానిని ఒక్క పోటీలో నిలిపినట్లున్నది. మిరొస్లావ్ తన విద్యయగు వేగములో ఆనాడే 6.84 సెకండ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. మొత్తము మీద నాలుగవ స్థానము వచ్చెను. తన పనిలో లోకమున అందరికంటె మిన్న యైనను రిక్తహస్తములతో మరలిపోవలసివచ్చినది. పారిసులో వేగపు పందెమును వేరుచేసిరి, ఆమె గెలిచెను. నిబంధన మారినది, ఆమె మారలేదు. మన పరీక్షలలో గణితము రాని చిత్రకారుడును, చిత్రము రాని గణితజ్ఞుడును ఒక్కటే మొత్తము మార్కులతో కొలవబడి ఇద్దరును నాలుగవ స్థానమున నిలుచుట నేనెన్నిసార్లు చూచితినో! ఇది ప్రసంగవశమున వచ్చిన మాట. ఉపాధ్యాయుడను గనుక క్షమింతురు గాక.

ఇగా స్వియాటెక్ సంగతి భిన్నము. ఆమెకు ఎవరును పతకము వచ్చునా యని సందేహింపలేదు. బంగారమే వచ్చునని దేశమంతయు నమ్మియుండెను. పారిసులోని ఏ మైదానములపై ఒలింపిక్ టెన్నిసు జరిగెనో ఆ మైదానములపైననే ఆమె 2020, 2022, 2023, 2024 సంవత్సరములలో ఫ్రెంచి బిరుదమును నాలుగుసార్లు గెలిచియుండెను. అచ్చట వరుసగా ఇరువదియైదు ఆటలలో ఆమెకు ఓటమి లేదు. అట్టి యామె ఆగస్టు 1వ తేదీని ఉపాంత్యపోటీలో చీనా దేశపు జెంగ్ చిన్‌వెన్ చేతిలో ఓడిపోయెను. కన్నీ రాపుకొనలేకపోయెను. మరునాడే మరల బల్ల పట్టుకొని వచ్చి కంచు పతకమునకై యాడి గెలిచెను. పోలండునకు టెన్నిసులో అదియే మొదటి ఒలింపిక్ పతకము. పెద్ద ఆశ భగ్నమైన మరునాడు చిన్న ఆశకొరకు శ్రద్ధగా ఆడుట ఎంత కష్టమో, ప్రథమశ్రేణి తప్పి ద్వితీయశ్రేణి వచ్చిన విద్యార్థిని అడిగిన చెప్పును. ఇంకొక సంగతి తండ్రులకొరకు వ్రాయుచున్నాను: ఆమె తండ్రి 1988లో సియోలు ఒలింపిక్ క్రీడలలో పడవ నడపిన క్రీడాకారుడు. పతకము ఆయనకు రాలేదు. ఆయన కుమార్తెలను ఆటకు పంపెను.

ఇక నతాలియా కచ్‌మారెక్. ఆమె పారిసులో 400 మీటర్లను 48.98 సెకండ్లలో పరుగెత్తి మూడవదిగా వచ్చెను. ఈ కంచు పతకము వెనుక నలువదియెనిమిది సంవత్సరముల చరిత్ర కలదు. అది చెప్పుటకు మరియొక స్త్రీని గూర్చి చెప్పవలెను. ఆమెను గూర్చి కొంచెము విస్తరించియే చెప్పెదను.

ఇరేనా షెవిన్‌స్కా 1946లో లెనిన్‌గ్రాడు నగరమున జన్మించి పోలండులో పెరిగినది. 1964లో టోక్యో క్రీడలకు పోవునప్పటికి పదునెనిమిదేండ్ల బాలిక. అచ్చట 200 మీటర్ల పరుగులో వెండి, దూరము దుముకుటలో వెండి, నలుగురు కలిసి పరుగెత్తు పందెమున బంగారము పొందెను. 1968లో మెక్సికోలో 200 మీటర్లలో ప్రపంచ రికార్డుతో బంగారము, 100 మీటర్లలో కంచు. ఇంతవరకు చదివి "చిన్నతనమున పరుగెత్తినది, సరే, పిమ్మట?" అని యడుగువారుందురు. పిమ్మట ఆమె వివాహిత, 1970లో ఒక కుమారుని తల్లి. లోకము ఆమె పని అయిపోయినదనుకొనెను. 1972లో మ్యూనికు నగరమున 200 మీటర్లలో కంచు పతకము తెచ్చెను. పిమ్మట తనకు అలవాటులేని 400 మీటర్లకు మారి, 1974లో వార్సాలో ఆ దూరమును 50 సెకండ్లలోపల పరుగెత్తిన మొదటి స్త్రీ యాయెను. 1976లో మాంట్రియలులో, ముప్పది యేండ్ల వయస్సున, ఆరేండ్ల బిడ్డ తల్లియై, 49.28 సెకండ్లలో ఆ దూరము ముగించి ప్రపంచ రికార్డుతో బంగారు పతకము గెలిచెను. రెండవదిగా వచ్చిన యువతి ఆమెకు ఒక సెకండుకంటె ఎక్కువ వెనుకబడెను. ఆ యువతి షెవిన్‌స్కాకంటె ఎంతయో చిన్నది.

నాలుగు ఒలింపిక్ క్రీడలలో ఏడు పతకములు; మూడు బంగారువి, రెండు వెండివి, రెండు కంచువి. ఆమె 49.28 సెకండ్ల పరుగు పోలండు దేశపు రికార్డుగా 1976 నుండి 2024 వరకు నిలిచియుండెను. ఆమె 2018లో మరణించెను. 2024 జూను నెలలో రోము నగరమున యూరపు ఖండపు పోటీలలో కచ్‌మారెక్ ఆ రికార్డును దాటి, రెండు నెలలకు పారిసులో పతకము పొందెను. పారిసునందలి ఆ యొక్క కంచు పతకమును "ఒక్కటే" యని విసరికొట్టువారికి నేను చూపదలచిన సంగతి యిదియే. ఒక తల్లి 1976లో విడిచిపోయిన దారిని ఒక యువతి 2024లో మరల పట్టుకొన్నది.

ఆ పారిసు పరుగుబాటపైననే, నెల తిరుగకముందే, మన తెలుగు బాలిక యొకతె అదే 400 మీటర్ల దూరమును పరుగెత్తి అదే కంచు పతకము తెచ్చినది. వరంగల్లు ప్రాంతపు జీవంజి దీప్తి, సెప్టెంబరు 3వ తేదీని, పారాలింపిక్ క్రీడలలో. బుద్ధిమాంద్యము గల దని చిన్ననాట ఊరివారు ఎగతాళి చేసిన బిడ్డ యామె. కచ్‌మారెక్ పేరు నల్లబల్లపై వ్రాసిన మనము దీప్తి పేరు వ్రాయలేదు. ఏలయన అప్పటికి మన బల్ల తుడిచివేయబడెను. అది నా తప్పే.

పోలండు స్త్రీల యీ బలము నిన్నటిది గాదు. ఆ దేశము 1795లో మూడు సామ్రాజ్యములచేత పంచుకొనబడి 123 సంవత్సరములు ప్రపంచ పటమునుండి మాయమైనది. 1918లో మరల స్వతంత్రమైనది. ఒలింపిక్ క్రీడలకు మొదట జట్టును పంపినది 1924లో. ఆ దేశమునకు మొట్టమొదటి బంగారు పతకము 1928లో ఆమ్‌స్టర్‌డాము నగరమున వచ్చినది. దానిని తెచ్చినది పురుషుడు గాడు. హలీనా కొనోపాట్‌స్కా యను కవయిత్రి చక్రమును 39.62 మీటర్లు విసరి ప్రపంచ రికార్డుతో గెలిచెను. స్త్రీలకు పరుగు, దుముకు, విసరు పోటీలలో స్థానము ఇచ్చినదే ఆ యేడు. అదియు ఎంత సంకోచముతోనో! అయిదే పందెములు పెట్టిరి. 800 మీటర్ల పరుగు ముగియగానే కొందరు యువతులు అలసి గడ్డిపై కూలబడిరని పత్రికలు చిలువలు పలువలు చేర్చి వ్రాసినవి. "స్త్రీ శరీరమునకు ఇది తగదు" అని పెద్దలు తీర్మానించిరి. 1960 వరకు, అనగా ముప్పదిరెండేండ్లు, ఆ పరుగు స్త్రీలకు లేదు. పరుగు ముగించి పురుషుడు కూలబడినచో వీరుడనిరి, స్త్రీ కూలబడినచో దుర్బల యనిరి. ఇది ఐరోపా దేశపు పెద్దల మాటయే. మన గ్రామములలోని ముత్తవ్వల మాటగా నెవరును భ్రమింపవలదు.

ఆ కొనోపాట్‌స్కాయే 1939లో జర్మను సైన్యములు పోలండుపై బడినప్పుడు, మాజీ ఆర్థికమంత్రియగు తన భర్తతో గూడి, దేశపు బాంకునందలి బంగారమును శత్రువులకు చిక్కకుండ దేశము దాటించు బండ్ల బారులో తానును ఒక బండి తోలెను. డెబ్బదియైదు టన్నుల బంగారము. 1932లో లాస్ ఏంజెలిసులో 10,000 మీటర్ల పరుగున ఫిన్లండువారిని గెలిచిన యానుష్ కుసొచిన్‌స్కి యను పురుషుని 1940లో వార్సా చెంత పల్మీరీ అడవిలో జర్మనులు కాల్చి చంపిరి. 1936లో బెర్లిను క్రీడలలో బల్లెము విసరి కంచు పతకము పొందిన మారియా క్వస్నియెవ్‌స్కాకు నాటి పతకవిజేతలతో హిట్లరు తీయించుకొన్న ఛాయాచిత్రము దొరికెను. 1944లో వార్సా తిరుగుబాటు అణగిన పిమ్మట వేలకొలది జనమును ప్రుష్‌కూవ్ శిబిరమున నిర్బంధించిరి. ఆమె యా ఛాయాచిత్రమును కావలివారికి చూపి, వారు బెదరి దారి యియ్యగా, లోపలివారిని బయటికి తీసికొనివచ్చెను. పతకపు విలువను తూకమువేయువారు దీనిని ఏ త్రాసులో వేయుదురో నాకు తెలియదు.

ఇటీవలి కాలమునకు వత్తము. ఇనుపగుండును తీగెకు కట్టి గిరగిర త్రిప్పి విసరు హామరు పోటీని స్త్రీలకు ఒలింపిక్ క్రీడలలో మొదట పెట్టినది 2000వ సంవత్సరమున సిడ్నీలో. దానిని గెలిచినది పోలండునకు చెందిన పదునేడేండ్ల కమీలా స్కొలిమొవ్‌స్కా. ఆ సిడ్నీలోనే స్త్రీలకు బరువు లెత్తు పోటీయు మొదటిసారి పెట్టిరి. అందు మన శ్రీకాకుళము జిల్లా వూసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి మొత్తము 240 కిలోగ్రాము లెత్తి కంచు పతకము పొంది, ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతస్త్రీ యాయెను. పది దినముల యెడములో ఈ రెండును జరిగినవి. రెండును తలుపు తెరచిన మొదటి యేడే జరిగినవి. తలుపు తెరచువరకు బలము లేదని కాదు, తలుపే లేదని గ్రహింపవలెను.

స్కొలిమొవ్‌స్కా 2009లో ఇరువదియారేండ్లకే, శిక్షణకై పోయిన దేశాంతరమున, హఠాత్తుగా మరణించెను. ఆమె చేతితొడుగును ధరించి అనీతా వొదార్చిక్ అను మరియొక వనిత హామరు విసరసాగెను. 2012, 2016, 2021 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలు మూడింటను బంగారు పతకము ఆమెదే. పరుగు, దుముకు, విసరు పోటీలలో ఒకే పందెమును వరుసగా మూడుసార్లు ఒంటరిగా గెలిచిన స్త్రీ అంతకుముందు లేదు. 2016 ఆగస్టులో స్కొలిమొవ్‌స్కా జ్ఞాపకార్థము వార్సాలో జరిగిన పోటీలో ఆమె 82.98 మీటర్లు విసరెను.

మారియా అంద్రెయ్‌చిక్ అను బల్లెము విసరు యువతి రియో క్రీడలలో 64.78 మీటర్లు విసరి, కేవలము రెండు సెంటీమీటర్ల కొరతచే మూడవ స్థానము తప్పి నాలుగవదయ్యెను. రెండు సెంటీమీటర్ల దూరము ఈ సంచికను పట్టుకొన్న మీ బొటనవ్రేలి వెడల్పు. పిమ్మట ఎముకలో పుట్టిన వ్రణమునకు చికిత్స పొంది, కోలుకొని, టోక్యోలో వెండి పతకము గెలిచెను. గెలిచిన కొలది దినములకే, గుండె జబ్బుతో బాధపడుచున్న ఒక పసిబిడ్డ శస్త్రచికిత్సకు ధనము కావలెనని విని, ఆ పతకమును వేలము వేసెను. కొన్న వర్తకసంస్థవారు ధనమిచ్చి పతకమును ఆమెయొద్దనే యుంచిరి. పతకముల పట్టికలో ఈ వరుస ఎక్కడను కనబడదు.

ఇంత వ్రాయుటకు కారణమైన సంగతి యిది. గత సంవత్సరము మన పాఠశాల క్రీడాదినమునకు మూడు వారముల ముందు 8వ తరగతి బాలిక తండ్రి ఉపాధ్యాయుల గదికి వచ్చెను. ఆ బాలిక 400 మీటర్ల పరుగులో తనకంటె రెండేండ్లు పెద్దవారిని వెనుకవేసినది; మండల పోటీలకు పంపదలచి ఆమె పేరు వ్రాసికొంటిమి. ఆయన మంచివాడు. ప్రతిదినము ఆ బిడ్డను సైకిలుపై నాలుగు మైళ్లు తెచ్చి దింపి పనికి పోవును. "మాస్టరుగారూ, పేరు కొట్టివేయండి. ఎండలో పడి నల్లబడుచున్నది. పెద్దదగుచున్నది. పరుగెత్తి పరుగెత్తి ఆడపిల్ల ఏమి సంపాదించునండీ?" అనెను. నేనప్పుడు పొంతనలేని మాటలేవో చెప్పి పేరు కొట్టివేసితిని. ఆయన నమస్కరించి వెడలిపోయెను. క్రీడాదినమున ఆ బాలిక పరుగుబాట ప్రక్కన నిలిచి స్నేహితురాండ్రకు నీళ్ల చెంబు లందించెను.

ఆయన కివ్వని ప్రత్యుత్తరము నిప్పు డిచ్చుచున్నాను. షెవిన్‌స్కా పరుగెత్తుటచే పెండ్లి యాగలేదు. బిడ్డ పుట్టుటచే పరుగు ఆగలేదు. బంగారు పతకము లెల్లరకు రావు, నిజమే. పోలండులోను రావు. మూడున్నర కోట్లకు మించిన జనములో పారిసునకు పోయినవారే కొలదిమంది. మన రెండు తెలుగు రాష్ట్రములలో 2011 జనగణనము ప్రకారము ఎనిమిది కోట్లకు మించి జనమున్నారు, పోలండునకు రెండింతలు. అంత జనములో ఇటువంటి పరుగుగల బాలికలు ఎందరు నీళ్ల చెంబు లందించుచున్నారో లెక్కించినవా రెవరు? పోలండున అట్టి పిల్లలను వెదకి పట్టు పాఠశాలలు, వసతి గృహములు, స్పావా అడవిలోవంటి శిక్షణస్థలములు కలవు. 1929లోనే వార్సాలో వ్యాయామవిద్యకు కేంద్రసంస్థను స్థాపించిరి. మనకు అవన్నియు లేవు. కాని మైదానము కలదు. దానిని సాయంకాలము నాలుగు గంటలు మొదలు చీకటి పడువరకు క్రికెట్టు ఆడు బాలురు ఆక్రమించుకొనుచున్నారు. ఈ సంగతిని తల్లిదండ్రులకంటె ముందు మేము, ఉపాధ్యాయులము, ఒప్పుకొనవలసియున్నది.

తండ్రులు చెప్పు కారణములలో ఒకటి న్యాయమైనది. చీకటి పడిన పిమ్మట బాలిక ఒంటరిగా ఇల్లు చేరుట యెట్లు? దీనికి "ధైర్యముగా పంపండి" అని జవాబు చెప్పుట సులభము, నిష్ప్రయోజనము. ఉపాధ్యాయుల సమావేశమున దీనిని చర్చించితిమి. ఈ విద్యాసంవత్సరమునుండి మంగళ, గురు, శనివారములందు ఉదయము ఆరున్నర గంటలనుండి ఏడున్నర గంటలవరకు మైదానము బాలికలదే. ఇరువురు ఉపాధ్యాయినులు అచ్చట నుందురు. ఎండ యెక్కదు; చీకటి పడదు. పాఠములు తొమ్మిది గంటలకు గనుక చదువునకును భంగము రాదు. దుస్తులను గూర్చి అభ్యంతరము గలవారు తమకు తోచిన దుస్తులు వేసి పంపవచ్చును. కాళ్లు ఆడిన చాలును. బాలురకు ఆ గంటలో మైదానమున ప్రవేశము లేదు. దీనిని గూర్చి క్రికెట్టు జట్టు నాయకుడు నాకొక ఫిర్యాదుపత్రము వ్రాసి యిచ్చెను. అక్షరదోషములు దిద్ది తిరిగి యిచ్చితిని.

పతకముల పట్టికను వ్రాసిన బాలుడే ఈ జాబితాను సిద్ధపరచి యిచ్చినాడు. అది నా బల్లపై నున్నది. పదునొకండు పేర్లు చేరినవి. 400 మీటర్ల పరుగు క్రింద మొదటి వరుసను ఖాళీగా విడువుమని యతనితో చెప్పితిని. ఇప్పుడు 9వ తరగతిలో నున్న ఆ బాలిక తండ్రి ఈ సంచికను చదువునని యెరుగుదును. ఆయన వచ్చినచో కలము నేనే యిచ్చెదను.